మామిడి కొత్తకి వచ్చిన దద్దుర్లు

నర్సమ్మ నా చేతి మీద పెన్నుతో వరసగా చుక్కలు పెట్టింది. ఒక్కో చుక్క పక్కన ఒక్కో మందు బొట్టు వేసి, సన్నటి సూదితో గిచ్చింది. పాలు, గుడ్డు, వేరుశనగ, రొయ్య, ఇంట్లో దుమ్ము, బొద్దింక, ఏవో గడ్డిపూల పుప్పొడి. "కాసేపు కదలకుండా కూర్చోండి మేడమ్, గోకకండి" అంది. నాకు నవ్వొచ్చింది. గోకకుండా కూర్చోవడంలో నాకున్నంత అనుభవం ఆ ఆస్పత్రిలో ఇంకెవరికీ ఉండదు.

డాక్టరు వచ్చి కళ్ళజోడు సర్దుకుని నా చెయ్యి చూశాడు. సరిచూసుకోవడానికని, ఎవరికైనా ఉబ్బే మందుతో పెట్టిన చుక్క ఒక్కటే ఉబ్బింది. మిగతా చోట్లన్నీ చదునుగా ఉన్నాయి. "మీకు వీటిలో పడనిదంటూ ఏమీ లేదండీ" అన్నాడు. మరి ఈ దద్దుర్లేమిటని అడిగితే ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరు చెప్పాడు. ఆ పేరు విప్పి చూస్తే అందులో ఉన్నది 'ఎందుకొస్తుందో మాకు తెలీదు' అన్న ముక్కే. అది తెలుసుకోవడానికి ఆయన చాలా చదివి ఉంటాడు, పాపం.

"ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగాడు.

"మామిడి కొత్త కాకముందు కాయ తిన్నప్పట్నుంచి" అనేశాను. నోరు జారింది. ఆయన నా మొహం కేసి ఒకసారి చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో నేను అడగలేదు.

ఆ కాయ సంగతి చెప్పాలంటే కొండెక్కాలి. మేమప్పుడు అరకు అవతల, వారానికోసారి సంత జరిగే ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మాది దుకాణం. తాత మైదానం నుంచి వచ్చి పెట్టాడు, నాన్న నడిపేవాడు. ముందు గదిలో ఉప్పు, బెల్లం, కిరసనాయిలు, ఎండుచేపలు. వెనక గదిలో కొండవాళ్ళ దగ్గర కొన్న చింతపండు, పసుపు, పిప్పళ్ళు. ఆ రెండు గదుల వెనకే మా ఇల్లు. ఈ వాసనలన్నీ కలిసి మా బట్టల్లోకి, జుట్టులోకి ఎక్కిపోయేవి. నేను బడి గుమ్మం దాటకముందే మాస్టారు తలెత్తకుండా "దుకాణం వచ్చింది" అనేవారు.

అమ్మది సాలూరు. పెళ్ళయి కొండెక్కింది. కోడలు దుకాణంలోకి రాకూడదు, నాన్నమ్మ ముందు గొంతు లేవకూడదు. సంతకొచ్చే ఆడవాళ్ళ మాట సగం ఆవిడకి అర్థమయ్యేది కాదు. నాన్నకి పొద్దస్తమానం తక్కెడే లోకం. నేను బడి నుంచి వచ్చి పొయ్యి దగ్గర పీట వేసుకుంటే చాలు, అమ్మ నోరు విప్పేది. నాకు తెలిసినవీ తెలియనివీ అన్నీ గలగలా చెప్పుకుంటూ పోయేది. నాన్నమ్మ అడుగుల చప్పుడు వినిపిస్తే ఆపేసేది.

సంత రోజున మా అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చునేది. పై కొండ మీది ఊరు ఆవిడది. అడ్డాకుల కట్టలు తెచ్చి, అమ్మకం లేనప్పుడు వెదురు పుల్లలతో విస్తళ్ళు కుట్టుకుంటూ ఉండేది. మేమంతా ఆకుల మామ్మ అనేవాళ్ళం. ఆవిడ మనవరాలు నా క్లాసు. మేమిద్దరం ఒకే బెంచీ, ఒకే పలుపుతో కట్టిన దూడల్లా తిరిగేవాళ్ళం.

ఆ కొండల్లో ఒక కట్టుబాటు ఉంది. ఏ పంటైనా, ఏ కాయైనా కొత్తగా వచ్చినప్పుడు ముందు ఊరి అమ్మవారికి పెట్టాలి. పెద్దలు రోజు కుదిర్చి పండగ చెయ్యాలి. అప్పటిదాకా ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు. ఆ పండగనే కొత్త అంటారు. చిక్కుడు కొత్త, కొర్ర కొత్త, మామిడి కొత్త. కొత్త కాకుండా తింటే ఒంటికి ఏదో ఒకటి అవుతుందని వాళ్ళ భయం. మాకు ఆ పట్టింపు లేదు. పిందె కనిపిస్తే ఉప్పు కోసం వెతుక్కునే జాతి మాది.

ఆ ఏడాది కాపు విరగ్గాసింది. బడి వెనక వాగు దాటితే పెద్ద మామిడిచెట్టు. దుకాణంలోంచి ఉప్పు, కారం పొట్లం కట్టుకుని నేను, రాయి విసరడంలో నా గురువైన నా స్నేహితురాలు కలిసి వెళ్ళాం. కాయ కొట్టింది తను. తినడం మాత్రం నేనొక్కదాన్నే.

"నువ్వు తినీ. మీకు పరవానేదు. నాను సూత్తాను" అంది.

నేను కొరికాను. తను నా నోట్లోకే చూస్తోంది.

"ఎలగుంది?"

"పుల్లగా ఉంది."

"మరీ పులుపా?"

"మరీ."

"అబ్బ!" అని కళ్ళు మూసుకుని, ఉత్తి ఉప్పు నాలిక మీద వేసుకుంది. అంత నిగ్రహం నేను ఆ తర్వాత ఏ స్వామీజీలోనూ చూడలేదు.

సాయంత్రానికి నా ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ముందు చేతులు, తర్వాత పొట్ట, వీపు, ఆఖరికి చెవి తమ్మెలు. నాన్నమ్మ "ఓలమ్మో, గుంటకి ఏటయిపోనాదిరా!" అని వీధి వీధంతా వినబడేలా అరిచింది. నల్ల గొంగళి తెచ్చి చర్మం ఊడొచ్చేలా రుద్దింది. వేపాకు నూరి పట్టించింది. తమలపాకులో మిరియాలు పెట్టి నమిలించింది. పొద్దుటికి దద్దుర్లు పోయాయి. మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చాయి. ఆ మర్నాడూ వచ్చాయి.

సంత రోజున ఆకుల మామ్మ నా చెయ్యి పట్టుకుని చూసి తల ఊపింది. మనవరాలు అప్పటికే అంతా చెప్పేసినట్టుంది.

"కొత్త అవ్వకుండా తినీసినాది కదేటి. అమ్మోరు ఊరుకుంటాదా?"

నాన్నమ్మకి కోపం వచ్చింది. "మీ అమ్మోరికి మా గుంటతో పనేటి?"

"గుంట మీదేనమ్మా, సెట్టు కొండది కదా" అని మామ్మ మళ్ళీ విస్తరాకు అందుకుంది.

అక్కడితో నా జబ్బు సంత సొత్తయిపోయింది. దుకాణానికి వచ్చినవాళ్ళంతా కాసేపు నన్ను చూసి, తలా ఒక కారణం చెప్పి, ఉప్పు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. వంకాయ మానిపించమని ఒకరు, గుడ్డు మానిపించమని ఒకరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, మా ఇంట్లో కందకీ ఉంది, కత్తిపీటకి అంతకంటే ఎక్కువుంది. నాన్నమ్మ ఎవరేం చెప్పినా మానిపించేది. వంకాయ పోయింది, ఎండుచేప పోయింది, గుడ్డు, వేరుశనగ, పనస, చింతపండు పోయాయి. చివరికి నాకు మిగిలింది అన్నం, పెసరకట్టు. ఇంత పథ్యం నేను చేశాను గానీ దురద మాత్రం ఒక్కనాడూ చెయ్యలేదు. వేళకి వచ్చి, కావలసిన చోట కూర్చుని, తీరిగ్గా వెళ్ళేది.

కాంపౌండరు పసుప్పచ్చ మాత్రలు ఇచ్చాడు. అవి దురదని వదిలేసి నన్ను పడుకోబెట్టేవి. లెక్కల క్లాసులో నా తల బెంచీకి కొట్టుకుంటే, నా స్నేహితురాలు మాస్టారుతో "దాని తప్పు నేదండి, దానికి మందు ఎక్కీసినాది" అని చెప్పింది. మాస్టారు ఆ మాటని ఇంకోలా అర్థం చేసుకుని నాన్నకి కబురు పెట్టారు.

విశాఖపట్నం పెద్ద డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాం. పాసెంజరు రైల్లో, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలందరితో కలిసి గొంతు చించుకుని అరుస్తూ వెళ్ళాను. దారి పొడుగునా ఒళ్ళంతా దద్దుర్లే. డాక్టరు ముందు కూర్చునేసరికి నా చర్మం పెళ్ళిచూపుల్లో పిల్లలా బుద్ధిగా, నున్నగా అయిపోయింది. ఆయన వెతికి వెతికి "ఏదమ్మా?" అన్నాడు. నాన్న సిగ్గుపడ్డాడు. తిరుగు రైలు ఎక్కి సింహాచలం దాటామో లేదో మళ్ళీ లేచాయి.

ఇదంతా నాకు ఒక రకంగా సరదాగానే ఉండేది, ఆ మధ్యాహ్నం దాకా. నేను వెనక గదిలో చింతపండు బస్తాల మధ్య దూరి, మానిపించిన చింతపండే చప్పరిస్తున్నాను. గోడకి అవతల నాన్నమ్మ గొంతు వినబడింది.

"ఈ కొండ నీళ్ళు గుంటకి పడనేదురా. సాలూరులో దాని అమ్మమ్మింట్లో ఉంచీ. బడి అక్కడే సదువుకుంటాది. సెలవలకి వత్తాది."

తక్కెడలో రాళ్ళు సర్దిన చప్పుడైంది. తర్వాత "బడి తెరిసేలోపు తగ్గకపోతే అలాగే చేద్దాం" అన్నాడు నాన్న.

నా నోట్లో చింతపండు అలాగే ఉండిపోయింది. సాలూరు నాకు తెలుసు. వేడి, దోమలు, ఇరుకు వీధి. వాగు లేదు, నా బెంచీ లేదు, నా స్నేహితురాలు లేదు. ఆ సాయంత్రం మొదటిసారిగా నాకు నా ఒంటి మీద అసహ్యం వేసింది. ఊరు దాటించేస్తుంది కదా ఇది నన్ను అని భయం వేసింది.

అప్పట్నుంచి దాచడం మొదలుపెట్టాను. ఎండాకాలంలో పొడుగు చేతుల స్వెట్టరు వేసుకునేదాన్ని. దద్దుర్లు లేస్తే వాగులోకి పరిగెత్తి మెడ దాకా నీళ్ళలో కూర్చునేదాన్ని. నా స్నేహితురాలు గట్టు మీద కాపలా ఉండి, "ఎవరో వత్తన్నారు, మునుగు!" అని కేకేసేది. నాన్నమ్మ రెండుసార్లు మోసపోయింది. అమ్మ ఒక్కసారి కూడా పోలేదు. తల దువ్వేటప్పుడు మెడ మీద చూసేది. చూసి, ఏమీ అనకుండా జడ గట్టిగా బిగించేది.

ఆ వారం సంతలో అమ్మ మొదటిసారి అరుగు మీదికి వచ్చి ఆకుల మామ్మ పక్కన కూర్చోవడం చూశాను.

"మామ్మా, కొత్త ఎప్పుడు?"

"వచ్చే వారమే సావుకారమ్మా."

"దీన్ని తీసుకొస్తే, మీ అమ్మోరికి పెట్టించి, ఆ తర్వాత తినిపిస్తే పోతుందంటావా?"

మామ్మ పుల్ల పళ్ళ మధ్య పెట్టుకుని ఆలోచించింది. "పోద్దనే అనుకుంటన్నాను. తీసుకొచ్చీ. సూద్దాం" అంది.

అదృష్టం కొద్దీ ఆ రోజులకి నాన్నమ్మ సాలూరులో పెళ్ళికి వెళ్ళింది. నన్ను అక్కడ చేర్చే సంగతి అమ్మమ్మ వాళ్ళతో మాట్లాడి వస్తానని మరీ చెప్పి వెళ్ళింది. నాన్న అమ్మని ఆపలేదు. కోడిని మాత్రం తెలిసినవాళ్ళ దగ్గరే కొనమన్నాడు.

అమ్మ సంచీలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కర్పూరం సర్దింది. సాలూరులో అమ్మవారి గుడికి ఏం పట్టుకెళ్తారో అవే. చంకలో కోడి. ఎత్తు ఎక్కుతుంటే అమ్మకి ఆయాసం, కోడికి కోపం, నాకు దురద. ముగ్గురం మూడు రకాల చప్పుళ్ళు చేసుకుంటూ పై ఊరు చేరాం. పూజారి కోడిని చూసి సంతోషించాడు. కొబ్బరికాయని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఆవిడకి అలవాటు నేదమ్మా. అయినా పెడదాం, తింటాదేమో" అన్నాడు.

ఊరంతా ఇప్పపువ్వు వాసన, పొగ వాసన, కోసిన మామిడికాయ వాసన. పూజ అయ్యాక కుండల్లో వంట ఉడికింది. ముందుగా అడ్డాకు దొన్నెల్లో పచ్చి మామిడి ముక్కలు పంచారు. నా స్నేహితురాలు ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసి, ఇన్నాళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు నమిలింది. నాకు ముక్క చేతికొచ్చింది గానీ నోటికి వెళ్ళలేదు. అది తిని దద్దుర్లు రాకపోతే నేను కొండ మీద ఉంటాను. వస్తే సాలూరు బస్సు ఎక్కుతాను. నాకు తెలిసిన లెక్క అంతే. అమ్మ మొహం పాలిపోయి ఉంది. "తినమ్మా" అంది.

తిన్నాను. పుల్లగా, చల్లగా, బాగుంది. తర్వాత ఊళ్ళో సగం మంది నా చుట్టూ చేరారు. ఆకుల మామ్మ నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, "జరగండర్రా, గుంటకి గాలి తగల్నీండి" అని కసురుకుంది. అందరూ నా చేతికేసే చూస్తున్నారు. ఏమీ రాలేదు. అన్నాలు తిన్నాం, అప్పటికీ ఏమీ రాలేదు. అమ్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది.

అప్పుడు మణికట్టు మీద ఒకటి లేచింది. ముందు కందిగింజంత, తర్వాత రూపాయి బిళ్ళంత. దాని పక్కన ఇంకోటి.

అమ్మ "అయ్యో" అని చీర కొంగు తీసి రుద్దబోయింది. మామ్మ అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, నా మణికట్టు కేసి చూసి, ఉన్న నాలుగు పళ్ళూ కనబడేలా నవ్వింది.

"మరేటి సేత్తాం! పండక్కి అందర్నీ పిల్సినాం. అదీ వచ్చీసినాది."

ఊరు ఊరంతా గొల్లుమంది. పూజారి "కోడి సాలనేదేమో" అంటే, ఎవరో వెనక నుంచి "కోడిని మనమే తినీసినాం కదా బావూ, ఆవిడకేటి మిగిల్చినాం" అన్నారు. నాకు ఏడుపొస్తోంది, నవ్వూ వస్తోంది. మామ్మ నా వైపు వంగి మెల్లగా చెప్పింది.

"నా కాడ మందేటీ నేదు తల్లీ. కొత్తయితే పోద్దనుకున్నాను, పోనేదు. గోకకు. సూత్తా కూకో. ఎంతసేపుంటాదో సూద్దాం."

చూస్తూ కూర్చున్నాం. అంతవరకూ దద్దుర్లొస్తే రుద్దడం, కడగడం, పట్టించడం, మింగించడమే గానీ, ఊరికే చూడటం ఎవరికీ తట్టలేదు. దురద నిప్పులా లేచింది. చెయ్యి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. పిల్లలు దద్దుర్లకి పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. ఇది మేకపిల్ల, ఇది అరకు బస్సు, మోచేతి దగ్గరది మాస్టారి బుర్ర. మేకపిల్ల బస్సులో కలిసిపోయింది. మాస్టారి బుర్ర మధ్యలో తెల్లబడింది. దురద పెరిగి పెరిగి, ఒకచోట ఆగి, ఇక చెయ్యడానికేమీ లేనట్టు సద్దుమణిగింది. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని ధింసా ఆటకి వరస కట్టేసరికి నా చెయ్యి మామూలుగా ఉంది.

అమ్మ ఆ చేతిని తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "అదే పోయింది" అంది. ఎవరితో అందో నాకు తెలీదు. దిగేటప్పుడు దారంతా నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు సాయంత్రం నాన్నమ్మ బస్సు దిగింది. చెప్పులు విప్పకుండానే అంది: "మాటాడీసినాను. బడి తెరిసే నాటికి తెచ్చీమన్నారు. గుంటకెలగుంది?"

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. సరిగ్గా అప్పుడే నా వీపు మీద, తొడల మీద దద్దుర్లు లేచి మండిపోతున్నాయి. పళ్ళు బిగించాను.

"తగ్గిపోయిందత్తా" అంది అమ్మ. "పై ఊళ్ళో కొత్త పెట్టించాం. మరి రాలేదు."

అత్తగారి ముందు అవుననీ కాదనీ తప్ప మూడో మాట ఎరగని మనిషి. నావైపు చూడను కూడా లేదు.

"ఏదీ, ఇటు రా" అని నాన్నమ్మ నా చేతులు రెండూ వెలుతుర్లోకి లాగి చూసింది. మెడ చూసింది. నున్నగా ఉన్నాయి. ఆ దద్దుర్లకి నేను జన్మంతా రుణపడి ఉంటాను, ఆ పూట గౌను కింద ఉన్నందుకు. "ఓలమ్మ! అయితే ముసిల్దాని మాటే నిజమయినాదన్నమాట" అని నాన్నమ్మ కుర్చీలో కూలబడింది. నా సాలూరు ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

తర్వాతి సంతకి నాన్నమ్మ స్వయంగా ఆకుల మామ్మకి పొగాకు కాడలిచ్చి దండం పెట్టింది. మామ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ కిటికీ లోంచి ఎదురుగా ఉన్న చెట్టు వైపు చూసింది. "అంతా అమ్మోరి దయ" అని మామ్మ పొగాకు రొంటిన దోపుకుంది. ఆ మరుసటేడు మామిడి కొత్తకి మైదానం వ్యాపారులు గజ్జి పిల్లల్నీ, దగ్గు పిల్లల్నీ కోళ్ళతో సహా పై ఊరికి తోలుకెళ్ళారు. కొబ్బరికాయలు కూడా పట్టుకెళ్ళారు. అమ్మవారికి అప్పటికి అలవాటయ్యే ఉంటుంది.

జబ్బు తగ్గిపోయింది కాబట్టి పథ్యం కూడా పోయింది. వంకాయ, ఎండుచేప, గుడ్డు అన్నీ తిన్నాను. దద్దుర్లు వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చునేదాన్ని. అమ్మ తలుపు ఓరగా వేసేది.

"ఎక్కడ?"

"నడుం మీద."

"ఎంతుంది?"

"అప్పడమంత."

"ఉండనీ" అనేది. అది పోయేదాకా ఇద్దరం కబుర్లు చెప్పుకునేవాళ్ళం. సాలూరులో తను చూసిన సినిమాలు, తన స్నేహితురాళ్ళు, ఈత రాకుండానే నూతిలోకి దూకిన మేనమామ. హైస్కూలు దాకా అలాగే గడిచింది. ఆ తర్వాత హాస్టలు, ఉద్యోగం, పెళ్ళి. పెళ్ళి పీటల మీద కూడా వచ్చాయి. ముసుగు బాగా వేశారు కాబట్టి పెళ్ళికొడుకు అదృష్టవంతుడు.

ఇప్పుడు ఆ దుకాణం లేదు. నాన్న పోయాక అమ్మేశాం. ఆ అరుగు ఉన్నచోట కాఫీ కొట్టు పెట్టారని, వాగు గట్టున టూరిస్టులకి గదులు కట్టారని విన్నాను. ఆకుల మామ్మ ఎప్పుడో పోయింది. నా స్నేహితురాలు ఏఎన్ఎం అయి, ఇంకో మండలంలో పిల్లలకి సూదులు వేస్తోంది. అమ్మ నా దగ్గరే ఉంటోంది, విశాఖపట్నంలో.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి, డాక్టరుకి ఏమీ దొరకలేదట అని అమ్మతో చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నవ్వింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అప్పుడు అడిగాను.

"అమ్మా, ఆ రోజు నాన్నమ్మతో తగ్గిపోయిందని ఎందుకు చెప్పావు? నేను బెంగపెట్టుకున్నాననే కదా?"

"నువ్వు బెంగపెట్టుకున్నావేటి?" అంది అమ్మ. ఆశ్చర్యంగానే అంది. "నాకు తెలీదే. నువ్వు ఎక్కడైనా బతికీదానివి. నువ్వెళిపోతే ఆ ఇంట్లో నేనెవరితో మాటాడాలి?"

మళ్ళీ తల వంచి ఈనెలు తీసుకోవడంలో పడింది. నేను తన ఎదురుగా కూర్చున్నాను. ఆ వేసవంతా భయపడింది నేనొక్కదాన్నేనని ఇన్నేళ్ళూ అనుకున్నాను.